వెలుగులో చూసిన ఎరుపు

మేస్త్రీకి ఆ పేరు స్ప్రింగుల ఫ్యాక్టరీలో వచ్చింది. అక్కడ ముప్పై ఎనిమిదేళ్ళు కొలిమి ముందు నిలబడ్డాడు. రిటైరై ఆరేళ్ళు దాటినా వీధిలో పిల్లల దగ్గర్నుంచి కట్టుకున్న భార్య దాకా అందరికీ ఇప్పటికీ మేస్త్రీయే. కాలుతున్న ఉక్కును ఒక్క చూపు చూసి ఇన్ని డిగ్రీలని చెప్పేవాడు. పది అటూ ఇటూగా సరిపోయేది. ఫ్యాక్టరీలో లక్షణంగా మీటరు ఉండేది. కానీ మీటరు ఒక అంకె, మేస్త్రీ ఒక అంకె చెబితే ఇంజనీరు మీటరునే రిపేరుకు పంపేవాడట. ఈ సంగతి మేస్త్రీ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఏ చుట్టం ఇంటికి వెళ్ళినా, మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాక మొదటి కబురు అదే.

ఆ విద్యకు ఉన్న నియమం ఒక్కటే. చీకటి కావాలి. కాలిన ఉక్కు ఎరుపు చీకట్లో ఒకలా, వెలుగులో ఇంకోలా కనిపిస్తుంది. ఎండ పడే చోట భగ్గున కాగిన ఉక్కు కూడా ఇంకా సగం వేడే ఎక్కినట్టు కంటిని మోసం చేస్తుంది. అందుకే ఫ్యాక్టరీలో కొలిమి గది కిటికీలన్నిటికీ నల్లరంగు పూయించాడు మేస్త్రీ. లోపలికి వచ్చి తలుపు వేయడం మరిచినవాడికి ఆ రోజు అక్షింతలే. ఒకసారి మేనేజరంతటివాణ్ణి "తలుపు" అని గదమాయిస్తే, ఆయన నోరు మెదపకుండా వెనక్కి వెళ్ళి తలుపు మూసి వచ్చాడని చెప్పుకుంటారు. అది కూడా మేస్త్రీ చెప్పిందే అనుకోండి.

రిటైరయ్యాక చేతులు ఊరుకోక ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న కొలిమి కట్టుకున్నాడు. నిప్పు ఇటుకలు గూడులా పేర్చి, పక్కనుంచి గ్యాసు బర్నరు దూర్చాడు. లారీల పాత స్ప్రింగు పట్టీలు తెచ్చి, కోసి, అరగదీసి వంటింటి కత్తులు చేసేవాడు. చెప్పుకుంటే పని ఇంతే. రూపం వచ్చిన కత్తిని ఎనిమిది వందల ముప్పై డిగ్రీల ఎరుపు దాకా కాల్చాలి. అది దానిమ్మగింజ ఎరుపు కన్నా ఒక్క పిసరు తేలిక. ఆ వేడి మీదే గోరువెచ్చటి నూనెలో ముంచాలి. అలా గట్టిపడ్డ కత్తికి పెళుసుతనం ఉంటుంది కాబట్టి, భార్య రొట్టెలు కాల్చుకునే ఓవెన్‌లో రెండు గంటలు సన్నటి వేడి మీద ఉంచాలి. ఆవిడ ఓవెన్ తలుపు తీసినప్పుడల్లా, తన రొట్టెలు ఇనుము వాసన వేస్తున్నాయి, ఆయన కత్తులేమో రొట్టె వాసన వేస్తున్నాయి అని దెప్పేది.

మొదటి ఎరుపు తక్కువైతే కొంప మునగదు. కత్తి మెత్తగా ఉండిపోతుంది, మళ్ళీ కాల్చుకోవచ్చు. ఎక్కువైతేనే అసలు చిక్కు. పైకి కత్తి నిగనిగలాడుతూనే ఉంటుంది, పదును కూడా దివ్యంగా వస్తుంది. లోపల మాత్రం ఉక్కు కలకండలా పెద్ద పెద్ద పలుకులు కట్టేస్తుంది. ఆ తర్వాత ఓవెన్‌లో ఎంతసేపు పెట్టినా ఆ పలుకు చిన్నదవదు. అలాంటి కత్తి వంగదు. ఏదో ఒక రోజు పుటుక్కున విరుగుతుంది. ఇవన్నీ మేస్త్రీకి కొట్టిన పిండి. కూతురు ఒకసారి వేడి కొలిచే మీటరు కొని పంపిస్తానంటే, తనను దిద్దే మీటరు ఇంకా తయారవలేదని నవ్వేశాడు.

పోయిన ఏడు కళ్ళు మసకబారడం మొదలుపెట్టాయి. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి అద్దాలు తెచ్చుకున్నాడు. తెచ్చుకుని చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. భార్య బజారుకెళ్ళినప్పుడు పేపరు చదవడానికి తప్ప అవి బయటికి వచ్చేవి కావు. చూపు మీద బతికిన మనిషి, చూపు పోతోందని ఎవరితో చెప్పుకుంటాడు? షెడ్డులో పట్టకారు ఎక్కడ పెట్టాడో కనిపించేది కాదు. ఒకసారి వేడి పట్టీని వట్టి చేత్తో పట్టుకోబోయి ఆఖరి క్షణంలో వెనక్కి తగ్గాడు. తప్పు కళ్ళది కాదు, వెలుగు చాలకే ఇదంతా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. షెడ్డు కప్పు మీద ఒక ఇనుప రేకు తీయించి, దాని బదులు వెలుగు దూరే ప్లాస్టిక్ రేకు వేయించాడు. ఎందుకండీ ఇప్పుడది అని భార్య అడిగితే, పట్టపగలు లైటెందుకు దండగ అన్నాడు.

తలుపు సందులోంచి వచ్చే వెలుగును కూడా ముప్పై ఎనిమిదేళ్ళు సహించని మనిషి, సరిగ్గా కొలిమి నెత్తి మీదికి ఎండను తెచ్చుకున్నాడు. వింత ఏమిటంటే ఆ సంగతి అతనికి తట్టనే లేదు. పట్టకారు కనిపిస్తోంది, సుత్తి కనిపిస్తోంది, ఇక ఎవరికీ ఏమీ తెలియదన్న సంబరంలో మిగతాదంతా బుర్రలోంచి కొట్టుకుపోయింది.

ఆ రేకు కింద తొమ్మిది కత్తులు చేశాడు. ఒకటి భార్యకిచ్చాడు. ఏడు చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచాడు. అన్నిటికన్నా పొడుగ్గా, మనసు పెట్టి చేసిన తొమ్మిదోది బావమరిదికిచ్చాడు.

బావమరిది అంటే భార్య తమ్ముడు. వెయ్యి మందికి వండే ఒక పెద్ద క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే బల్ల దగ్గర పద్నాలుగేళ్ళుగా పని. ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండే మనిషి, బల్ల ముందు నిలబడితే మాత్రం ముగ్గురి పెట్టు. ఉల్లిపాయ అతని చేతిలో ఎప్పుడు ఉందో, ఎప్పుడు ముక్కలైందో చూసేవాళ్ళకు అంతుపట్టేది కాదు. అలాంటి చెయ్యికి తన కత్తి దొరకడం మేస్త్రీకి గొప్ప. బావ చేసిన కత్తి దొరకడం బావమరిదికి అంతకన్నా గొప్ప. క్యాంటీన్‌లో ఎవరినీ దాన్ని తాకనిచ్చేవాడు కాదు.

ఎండలు ముదరకముందే ఒక ఉదయం, గుమ్మడికాయ కోస్తుంటే ఆ కత్తి మధ్యకు విరిగింది. పిడితో ఉన్న మొండిముక్క ఎడమ చేతిలోకి దిగి, చూపుడువేలు నరం తెగింది. ఆసుపత్రిలో కుట్లు వేసి నరం అతికించారు. చెయ్యి మూడు నెలలు కట్టులోనే ఉంది.

క్యాంటీన్‌లో పెద్ద వంటమాస్టరు తొందరపడే మనిషి కాదు. కత్తి ఎందుకు విరిగిందో తేలకుండా ఊరుకుంటే రేపు ఇంకొకరి చెయ్యి తెగుతుందని, తయారుచేసినవాణ్ణే పిలిపించాడు. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. వంటశాలలో ఎనిమిది మంది పని ఆపి చుట్టూ నిలబడ్డారు. బావమరిది కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని ఒక పక్కగా ఉన్నాడు. వంటమాస్టరు రెండు ముక్కలూ తెచ్చి మేస్త్రీ చేతిలో పెట్టాడు. విరిగిన చోటు మసగ్గా, బూడిదరంగు మరకలా కనిపించింది. అద్దాలు జేబులోనే ఉన్నాయి. తీసి పెట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఎనిమిది మంది చూస్తున్నారు. మేస్త్రీ బొటనవేలితో విరిగిన చోట ఒకసారి రుద్దాడు. గరగరలాడింది. వేలికి ఏదో తెలిసింది. రెండోసారి రుద్దితే ఇంకా బాగా తెలుస్తుందని కూడా తెలిసింది. రుద్దకుండా ముక్కలు బల్ల మీద పెట్టేశాడు.

"కత్తిలో తప్పు లేదు," అన్నాడు. "కాయలో దిగిన కత్తిని పక్కకి మెలిపెడితే ఎంత మంచి ఉక్కయినా విరుగుతుంది. చేతిలో నిలకడ లేకపోతే ఇంతే."

అందరి తలలూ బావమరిది వైపు తిరిగాయి. అతను కాసేపు ఆలోచించాడు. అవును, మెలిపెట్టే ఉంటాను, అన్నాడు. అతనికి నిజానికి అలాంటిదేమీ గుర్తులేదు. బావ చెప్పాడు కాబట్టి అయ్యుంటుందనుకున్నాడు. కట్టు విప్పాక అతను తరిగే బల్ల దగ్గరికి రాలేదు. సరుకుల గదిలో మూటలు లెక్కపెట్టే పనిలో ఉన్నాడని మేస్త్రీకి తెలిసింది. వేలు సరిగా రాలేదేమో పాపం అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదు.

వానలు పడే ముందు ఒక మధ్యాహ్నం మూడు గంటలకు మేస్త్రీ షెడ్డులో ఉన్నాడు. కొలిమిలో కొత్త కత్తి కాలుతోంది. పట్టకారుతో బయటికి లాగి చూశాడు. ఇంకా చాలదనిపించింది. లోపలికి తోసి గ్యాసు కొంచెం పెంచాడు. మళ్ళీ లాగాడు. ఇప్పుడు వచ్చింది, దానిమ్మగింజ మీద ఒక్క పిసరు. నూనె వైపు తిరుగుతుండగా మబ్బు కమ్మింది. ప్లాస్టిక్ రేకు మీద ఎండ చటుక్కున పోయి షెడ్డంతా చీకటైంది. పట్టకారు చివర ఉన్న కత్తి కళ్ళ ముందే నారింజ రంగులోకి మారింది. అంచుల వెంట పసుపు కూడా తేలింది. మేస్త్రీ అలాగే నిలబడిపోయాడు. మబ్బు జరిగి ఎండ మళ్ళీ పడింది. కత్తి మళ్ళీ బుద్ధిగా ఎర్రబడింది.

 అతను కత్తిని నూనెలో ముంచలేదు. ఇటుక మీద పడేసి, గ్యాసు కట్టేసి, తల పైకెత్తి ఆ రేకును చూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు. ఫ్యాక్టరీలో ఎవడైనా కొత్తవాడు ఈ పని చేసుంటే ఆ పూటే గెంటేయించేవాడు.

వంటింట్లోకి వెళ్ళి, భార్యకిచ్చిన కత్తి తెచ్చి, బల్లకున్న వైసు దవడల మధ్య బిగించాడు. పైన గోనెగుడ్డ కప్పి సుత్తితో ఒక్కటి వేశాడు. మంచి కత్తి అయితే ముందు వంగి, ఏడిపించి, అప్పుడు విరగాలి. ఇది మొదటి దెబ్బకే రెండయింది. అప్పుడు అద్దాలు తీసి పెట్టుకున్నాడు. విరిగిన చోట ఉక్కు పలుకులు పలుకులుగా తళతళ మెరుస్తోంది. బొటనవేలితో రుద్దాడు. ఆ రోజు వంటశాలలో తగిలిన గరగరే.

భార్య తన కత్తి వెతుక్కుంటూ షెడ్డులోకి వచ్చేసరికి మేస్త్రీ బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. అద్దాలు తీయడం మరిచిపోయాడు. ఆవిడ అద్దాలను చూసింది, వైసులో ముక్కను చూసింది. ఏమైందని అడిగితే చెప్పాడు. ఏదీ దాచకుండా, కళ్ళ సంగతితో సహా చెప్పాడు. అంతా విని ఆవిడ ఒక్క మాటే అడిగింది.

"తమ్ముడి కత్తి కూడా ఇంతేనా?"

మేస్త్రీ తల ఊపాడు. ఆవిడ తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. వాడికి ఎప్పుడు చెప్తారని మాత్రం అడిగింది. రేపు, అన్నాడు మేస్త్రీ.

మర్నాడు పొద్దున్నే ప్లాస్టిక్ రేకు పీకించి ఇనుప రేకు వేయించాడు. బావమరిది దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ముందు మిగతా ఏడు కత్తులు వెనక్కి తేవాలి కదా, అవి ఇంకెవరి చెయ్యి కోస్తాయో అని సాకు దొరికింది. సాకు నిజమైనదే, అదే దాని సౌకర్యం. కానీ అందులోనూ నిజం చెప్పలేకపోయాడు. ప్రతి ఇంటికీ వెళ్ళి, పదును పెట్టి ఇస్తాను, కత్తి ఒకసారి ఇవ్వండి అన్నాడు. వాళ్ళు పొంగిపోయారు. కూర్చోబెట్టి టీలిచ్చారు. పక్కింటి కుట్టుపనావిడ, ఈ రోజుల్లో ఇచ్చిన వస్తువు బాగోగులు మళ్ళీ వచ్చి కనుక్కునేవాళ్ళు ఎవరున్నారని మెచ్చుకుంది. మేస్త్రీ ఆ టీ ఎలా మింగాడో అతనికే తెలియాలి.

ఆఖరి ఇల్లు పిన్నిది. ఎనభై ఏళ్ళ మనిషి, చెవులు చక్కగా వినిపిస్తాయి, నోరు ఇంకా చక్కగా పనిచేస్తుంది.

"నా కత్తికేం, నిక్షేపంలా ఉంది," అంది. "నీ బావమరిదిలా మొరటుగా వాడతానా నేను? అంత మంచి కత్తి విరగ్గొట్టుకున్నాడట కదా, చేతకాక."

మేస్త్రీకి తల తీసేసినట్టయింది. వంటశాలలో ఎనిమిది మంది మధ్య అన్న మాట కాళ్ళొచ్చి ఇంత దూరం నడిచిందన్నమాట. తను మోసుకురాలేదు, నిజమే. కానీ పుట్టించింది తనే. అది కాదు పిన్నీ, అనడానికి నోరు తెరిచాడు. పిన్ని కత్తి చుట్టి చేతికిచ్చింది. తీసుకుని వచ్చేశాడు. ఇంటికొచ్చి ఏడింటినీ ఒక్కొక్కటే వైసులో బిగించి విరిచాడు. ఒక్కటైనా బాగుంటుందేమోనన్న ఆశ ఆఖరి దాకా ఉంది. ఒక్కటీ లేదు.

కూతురికి ఫోన్ చేసి ఆ మీటరు పంపించమన్నాడు. ఆ పిల్ల ఎందుకని అడగకుండా పంపింది. చీకటి షెడ్డులో, పక్కన మీటరు పెట్టుకుని, పదో కత్తి చేశాడు. తన కన్ను ఇదీ అన్న చోట మీటరు ఎనిమిది వందల ఇరవై ఆరు చూపించింది. ఒక్క క్షణం పాత గర్వం పొంగింది. చూశావా, కన్ను బాగానే ఉంది అనుకున్నాడు. మరుక్షణం అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

ఆ కత్తిని పాత పంచె ముక్కలో చుట్టుకుని బావమరిది ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. మేడ మీద రెండు గదుల ఇల్లు. వరండాలో తాడు మీద తడిబట్టలు. బావమరిది ఉన్న ఒక్క కుర్చీనీ తువ్వాలుతో తుడిచి బావను కూర్చోబెట్టి, తను గడప మీద కూర్చున్నాడు. వేలు పూర్తిగా వంగుతోందని వంచి చూపించాడు. కత్తి విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలెత్తకుండా అన్నాడు.

"నన్ను క్షమించు బావా. నా చెయ్యి సరిగా లేక నీ పనికి మాట వచ్చింది. నలుగురి ముందుకి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది నీకు."

ఇదే సమయం. ఇంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు.  పోన్లేరా, అన్నాడు మేస్త్రీ. నిజంగా ఆ మాటే అన్నాడు. బావమరిది కత్తిని మళ్ళీ జాగ్రత్తగా చుట్టి అలమర పై అరలో పెట్టాడు. దీన్ని వాడి పాడుచేయనని, దాచుకుంటానని చెప్పాడు. మేస్త్రీ టీ తాగి ఇంటికొచ్చాడు.

చెప్పారా, అని భార్య గుమ్మంలోనే అడిగింది. వాడు నన్ను మాట్లాడనివ్వలేదు, అన్నాడు మేస్త్రీ.

"వాడు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను నేను," అంది ఆవిడ. "ఎవరి మాటకీ అడ్డం వచ్చిన రోజు లేదు."

ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఇద్దరూ అవసరమైనంత వరకే మాట్లాడుకున్నారు. ఆవిడ పిడి వదులైన పాత కత్తితో కూరలు తరుక్కునేది. కావాలని చప్పుడు చేస్తోందో, కత్తే అంత మొద్దుదో తెలియదు గానీ, ఆ చప్పుడు మేస్త్రీకి ఏ గదిలో ఉన్నా వినిపించేది. ఒకటి రెండుసార్లు చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా వెళ్ళాడు. సెలవు రోజైతే నయం, వాడు ఇంట్లో ఉంటాడు అనుకుని వెనక్కి వచ్చాడు. సెలవు రోజు వస్తే, సెలవు పూట వాడి మనసు పాడుచేయడం ఎందుకనుకున్నాడు. చెప్పడానికి సిగ్గు, చెప్పనందుకు సిగ్గు. రెండో సిగ్గు రోజురోజుకీ పెరుగుతోంది.

శుక్రవారం సాయంత్రం భార్య తమ్ముడి ఇంటికి వెళ్ళి వచ్చింది. చెప్పులు విప్పకుండానే మేస్త్రీ ఎదురుగా నిలబడింది. మరదలు అంతా చెప్పిందట. తరిగే బల్ల నుంచి అతన్ని ఎవరూ తీసేయలేదు. వేలు బాగయ్యాక వంటమాస్టరు రెండుసార్లు వచ్చి పనిలోకి రమ్మని అడిగాడు. తనే వద్దన్నాడు. సరుకుల గది కావాలని తనే అడిగి తీసుకున్నాడు. ఇంట్లో కూడా ఉల్లిపాయ ముట్టుకోవడం లేదు. కత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఈ శనివారం దాకా చూసి, సోమవారం నుంచి ఆ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానని వంటమాస్టరు చెప్పాడు.

"వేలికి ఏమీ లేదు," అంది భార్య. "వాడి చెయ్యి మంచిది కాదని మీరన్నారు. వాడు నమ్మాడు. అంతే."

 కత్తి కోసింది ఒక వేలు. అది కుట్లతో అతుక్కుంది. పద్నాలుగేళ్ళుగా ఏనాడూ తప్పని చేతిని తన ఒక్క మాట పడగొట్టింది. జేబులోంచి అద్దాలు తీయడానికి సిగ్గుపడి అన్న మాట. 

శనివారం పొద్దున్న తొమ్మిదింటికల్లా క్యాంటీన్ దొడ్డిదారిన వెళ్ళాడు. సరుకుల గదిలో బావమరిది బంగాళాదుంపల మూటలు వరుసగా పేర్చి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బావను చూసి కూర్చోవడానికి ఒక మూట దులిపాడు. మేస్త్రీ కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ టీ వస్తుందని భయం. నిలబడే చెప్పాడు. రేకు సంగతి, మబ్బు సంగతి, విరిచిన ఎనిమిది కత్తుల సంగతి చెప్పాడు. నీ చెయ్యి తప్పు కాదురా, నా కత్తే తప్పు అన్నాడు.

బావమరిది చెవి మీది పెన్సిలు తీసి మూట మీద పెట్టాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పద్దెనిమిది రోజులైంది."

"కొత్త కత్తి తెచ్చిన రోజుకి తెలుసా?"

"తెలుసు."

బావమరిది ముఖంలో కోపం వస్తే బాగుండునని మేస్త్రీ ఎదురుచూశాడు. రాలేదు. అతను ఏదో జాగ్రత్తగా గుర్తు చేసుకుంటున్నట్టు నేల చూస్తున్నాడు.

"ఆ రోజు నేను నిన్ను క్షమించమని అడిగాను బావా."

"అడిగావు."

"నువ్వు పోన్లే అన్నావు. టీ తాగి వెళ్ళావు."

 భూమి చీలితే బాగుండును అంటారు కదా, ఆ మాట ఎవరు ఎందుకు పుట్టించారో మేస్త్రీకి అప్పుడు తెలిసింది. బావమరిది తల తిప్పి వంటశాల తలుపు వైపు చూశాడు. 

"ఇక్కడ నాకొక్కడికి చెప్తే ఏం లాభం? లోపల అన్నావు. లోపలే చెప్పు."

వంటశాలలో పెద్ద గిన్నెల కింద మంటలు మండుతున్నాయి. అవే బల్లలు, దాదాపు అవే ముఖాలు. వంటమాస్టరు చెయ్యి ఎత్తగానే తరిగేవాళ్ళు కత్తులు ఆపారు. మేస్త్రీ జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఎవరి ముఖంలో ఏముందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అది ఇంకా కష్టమైంది. చెప్పాల్సింది చెప్పాడు. కత్తి తను ఎక్కువ కాల్చడం వల్లే విరిగిందని, ఆ రోజు ఇక్కడ ముక్క చేతిలో పట్టుకున్నప్పుడే అనుమానం వచ్చినా దాచాడని, ఈ మనిషి చేతిలో ఏ తప్పూ లేదని చెప్పాడు.  ఎవరైనా నవ్వితే, ఎవరైనా ఒక మాట అంటే సులువుగా ఉండేది. ఎవరూ నవ్వలేదు.

"మరి ఎంత వేడి ఎక్కిందంటారు?" అని అడిగాడు వంటమాస్టరు. ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

నాలుక మీదికి అంకె వచ్చేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు, అడిగితే చాలు వస్తుంది. మేస్త్రీ దాన్ని మింగాడు.

"తెలియదండీ," అన్నాడు. "అప్పుడు నాకు సరిగా కనిపించేది కాదు. కనిపిస్తుందని అందరికీ చెప్పుకు తిరిగాను."

వంటమాస్టరు తల ఊపి, గుమ్మంలో నిలబడ్డ బావమరిది వైపు చూశాడు.  తన బల్ల మీది కత్తి తీసి తుడిచి, ఖాళీగా ఉన్న తరిగే బల్ల మీద పెట్టి, పక్కన ఉల్లిపాయల గంప లాగి ఉంచాడు. మిగతావాళ్ళు ఎవరి పనిలోకి వాళ్ళు తల దించుకున్నారు. కావాలనే అటు చూడటం లేదని తెలిసిపోతోంది.

బావమరిది బల్ల దగ్గరికి వచ్చాడు. కుడి చెయ్యి కత్తి పిడి మీద ఆనించాడు. ఎడమ చేత్తో ఒక ఉల్లిపాయ తీసి పెట్టుకున్నాడు. కుట్ల గీత తెల్లగా, వేలు మొదలు నుంచి అరచేతి దాకా ఉంది. కత్తి పైకి లేచింది. సన్నగా వణికింది. మళ్ళీ బల్ల మీద ఆగింది. మేస్త్రీ చూస్తున్నాడు. అద్దాల్లోంచి ఆ వణుకు వెంట్రుకవాసి కూడా వదలకుండా కనిపిస్తోంది.

"నువ్వు వెళ్ళు బావా," అన్నాడు బావమరిది తలెత్తకుండా. "నువ్వు చూస్తుంటే నాకు చెయ్యి రాదు."

మేస్త్రీ బయటికి వచ్చాడు. దొడ్డివాకిలంతా కడిగిన గిన్నెల నీళ్ళతో తడిగా ఉంది. గేటు దాకా వెళ్ళేసరికి లోపల బల్ల మీద కత్తి పడిన చప్పుడు ఒకటి వినిపించింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకొకటి. మూడోదాని కోసం కాళ్ళు ఆగబోయాయి. అది వినే అర్హత కూడా తనకు లేదనిపించి, మేస్త్రీ గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.